నవ్వు వెనక దిగులును ఎవరు కనిపెట్టాలి?

సందేహం: "మా అన్నయ్య రోజూ ఉద్యోగానికి వెళ్తాడు. నలుగురిలో ఉంటే నవ్వుతూనే మాట్లాడతాడు. కానీ కొన్ని నెలలుగా తెల్లవారుజామున మూడింటికే లేచి చీకట్లో కూర్చుంటున్నాడని వదిన చెబుతోంది. ఇష్టమైన కూర వండినా రెండు ముద్దలు కెలికి లేచిపోతున్నాడట. అడిగితే 'ఏం లేదు, గ్యాస్' అంటాడు. మొన్న నాతో మాత్రం 'నేను లేకపోయినా మీకందరికీ గడిచిపోతుందిలే' అన్నాడు. ఈ మాట ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నిత్యం పూజ చేసే మనిషికి ఇలాంటి దిగులు వస్తుందా? నాన్నగారు గీత చదువుకోమంటున్నారు. మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే రేపు వాళ్ల అమ్మాయికి సంబంధాలు రావని అమ్మ భయం. నేను వేసిన ఒట్టు తప్పవచ్చా?" - కాకినాడ నుంచి ఒక పాఠకురాలు.

సమాధానం: ఈ ఉత్తరంలో చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి. ఆ ఒట్టు తప్పవచ్చు. తప్పి తీరాలి. అన్నగారు అన్న మాట ఇవాళే వదినగారికి తెలియాలి.

దీనికి ప్రమాణం మహాభారతంలో కర్ణపర్వంలో ఉంది. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ని చంపుతానని అర్జునుడికి ఒక వ్రతం. యుద్ధం నడుమ ధర్మరాజు కోపంలో ఆ మాటే అన్నాడు. వ్రతం నిలబెట్టుకోవడానికి అర్జునుడు అన్నగారి మీద కత్తి దూశాడు. అప్పుడు కృష్ణుడు కౌశికుడి కథ చెప్పాడు. సత్యం తప్ప పలకనని నియమం పెట్టుకున్న తపస్వి కౌశికుడు. దొంగలకు భయపడి కొందరు వచ్చి అతడి ఆశ్రమం దగ్గరి అడవిలో దాక్కున్నారు. దొంగలు వచ్చి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దాక్కున్నవాళ్లు హతమయ్యారు, కౌశికుడు నరకానికి పోయాడు. ప్రాణం పోయే చోట మాటను పట్టుకుని వేలాడటం ధర్మం కాదని కృష్ణుడి నిర్ణయం. ఆ ఘట్టం అక్కడితో ఆగలేదు. కృష్ణుడు చూపిన ఉపాయం ప్రకారం అర్జునుడు అన్నగారిని పరుషంగా నిందించి వ్రతం గట్టెక్కాడు. ఆ వెంటనే ఎంత పని చేశానన్న బాధతో తన ప్రాణమే తీసుకోబోయాడు. కృష్ణుడు ఆ కత్తినీ ఆపాడు. ఇతరుల ప్రాణానికి వర్తించిన న్యాయమే తన ప్రాణానికీ వర్తిస్తుందని ఆ ఘట్టం చూపిస్తోంది.

కాబట్టి అన్నగారితో "నీకిచ్చిన మాట దాటుతున్నాను, నువ్వు మాకు కావాలి కనుక దాటుతున్నాను" అని చెప్పి మరీ ఇంట్లో చెప్పడం ఈ చెల్లెలికి ధర్మమే.

ఇక భక్తి ఉన్నవాడికి దిగులు వస్తుందా అన్న సందేహం. వస్తుంది. యోగవాసిష్ఠం మొదలయ్యేదే అలాంటి సన్నివేశంతో. మడికి సింగన వాసిష్ఠ రామాయణంగా తెలుగులోకి తెచ్చిన గ్రంథం అదే. తీర్థయాత్ర చేసి వచ్చిన పదహారేళ్లలోపు రాముడు రోజురోజుకూ చిక్కిపోతుంటాడు. ఒంటరిగా కూర్చుంటాడు. తిండి మీద, ఆట మీద, అలంకారం మీద ఆసక్తి పోతుంది. దశరథుడు ఒడిలో కూర్చోబెట్టుకుని ఏమైంది నాయనా అని అడిగితే, ఏమీ లేదని తలవంచుకుని ఊరుకుంటాడు. విశ్వామిత్రుడు వచ్చినప్పుడు రాముడి స్థితిని సభలో పూసగుచ్చినట్టు చెప్పింది ఎవరు? రోజూ ఆయన దగ్గర మెలిగే పరిచారకులు. ఎప్పుడు లేస్తున్నాడో, ఎంత తింటున్నాడో, ఏ పని ఎంత బతిమాలితే చేస్తున్నాడో వాళ్లకే తెలుసు.

రాముడిది మోక్షానికి దారితీసిన వైరాగ్యమని ఆ గ్రంథం చెబుతుంది. నేటి వైద్యులు డిప్రెషన్ అనే రోగంతో దాన్ని కలిపేయడం సరికాదు. కానీ అయోధ్య ఆ పిల్లవాడి విషయంలో నడుచుకున్న తీరు ఏ ఇంటికైనా పనికివస్తుంది. తండ్రి ఒకసారి అడిగి, ఏమీ లేదన్న జవాబుతో సరిపెట్టుకుంటే కథ అక్కడే ఆగిపోయేది. చుట్టూ ఉన్నవాళ్లు గమనించారు, పెద్దల దాకా తీసుకువెళ్లారు. పెద్దలు రాముణ్ని పిలిపించి చెప్పమన్నారు. వైరాగ్య ప్రకరణంలో అత్యధిక భాగం రాముడి మాటలే. వసిష్ఠుడంతటివాడు ముందు అదంతా విన్నాడు, ఆ తరవాతే ఉపదేశం మొదలుపెట్టాడు.

కాకినాడ ఇంట్లో ఆ పరిచారకుల స్థానం వదినగారిది. ఆమె చెప్పిన సంగతులన్నీ వైద్యులు అడిగే ప్రశ్నల్లో ఉండేవే. తెల్లవారకముందే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, ఆకలి పోవడం, ఇష్టమైనవాటి మీద ఆసక్తి చచ్చిపోవడం. వీటికి తోడు నీరసం, ఏకాగ్రత లేకపోవడం, ప్రతిదానికీ తనదే తప్పనుకోవడం లాంటి లక్షణాలు కనీసం రెండు వారాల పాటు దాదాపు ప్రతి రోజూ ఉంటే వైద్యులు డిప్రెషన్‌గా అనుమానిస్తారు. చాలామందిలో ఇది కన్నీళ్లుగా బయటపడదు. తలనొప్పి, నడుంనొప్పి, గ్యాస్, గుండెదడ అంటూ పరీక్షల మీద పరీక్షలు చేయించుకుంటారు, రిపోర్టులన్నీ బాగానే వస్తాయి. మగవాళ్లలో ఊరికే విసుక్కోవడంగా, మందు ఎక్కువ తాగడంగా కనిపించవచ్చు. పెద్ద వయసువాళ్లలో మతిమరుపులా అనిపించవచ్చు. పురుడు పోసుకున్న తల్లి పిల్లను చూసి సంతోషించడం లేదంటే అది ఆమె గుణం కాకపోవచ్చు, రోగం కావచ్చు.

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చినట్టు, దానితో బాధపడుతున్నవారిలో నూటికి 85 మంది దాకా చికిత్సకు దూరంగా ఉన్నట్టు అందులో తేలింది. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవారు 1,70,924 మంది అని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. వారిలో నూటికి 70కి పైగా మగవాళ్లే. ఇంటి బరువు మోసే మగవాడు తన దిగులు చెప్పుకోకూడదన్న మన అలవాటును ఈ అంకెల పక్కన పెట్టి ఆలోచించాలి.

నటి దీపికా పదుకొణె 2015లో తన డిప్రెషన్ గురించి బహిరంగంగా చెప్పారు. ఆ రోగం పట్టిన రోజుల్లో ఆమె సినిమాలు వరసగా విజయం సాధిస్తున్నాయి, పనికి రోజూ వెళ్తున్నారు. తనను చూడటానికి వచ్చి తిరిగి బయలుదేరుతున్న తల్లి ముందు ఒక్కసారిగా ఏడ్చేశారు. ఇది మామూలు బాధ కాదని, వైద్య సహాయం కావాలని గుర్తించింది ఆ తల్లే.

నాన్నగారి సలహా సంగతి. గీత చదవమనడం తప్పు కాదు. అయితే గీతలో ఏం జరిగిందో కూడా చూడాలి. మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. అవయవాలు పట్టు తప్పాయి, నోరు ఎండిపోయింది, ఒళ్లు వణికింది, చేతిలోంచి విల్లు జారింది, నిలబడలేకపోతున్నానని చెప్పి అర్జునుడు రథంలో కూలబడ్డాడు. రెండో అధ్యాయం మొదట్లో కృష్ణుడు మందలించాడు, ఈ పిరికితనం నీకు తగదన్నాడు. ఆ మందలింపుతో అర్జునుడు లేవలేదు. తన అయోమయాన్ని మళ్లీ చెప్పుకుని, శిష్యుణ్నని శరణు వేడి, యుద్ధం చేయనని మౌనంగా ఉండిపోయాడు. అసలు బోధ ఆ తరవాత మొదలై పద్దెనిమిదో అధ్యాయం దాకా నడిచింది. నడుమ అర్జునుడు అడిగిన ప్రశ్నలే మళ్లీ అడిగినా కృష్ణుడు విసుక్కోలేదు. "మనసు గట్టి చేసుకో, గీత చదువుకో" అని చెప్పి పక్క గదిలోకి వెళ్లిపోవడానికి ఆ గ్రంథంలో ఆధారం దొరకదు. గీత మాట వినిపించాలనుకునే తండ్రి ముందు కొడుకు పక్కన కూర్చోవాలి.

ఎలా పలకరించాలో సుందరకాండ నేర్పుతుంది. అశోకవనంలో సీతాదేవి ప్రాణం వదిలేయాలన్న నిశ్చయానికి వచ్చింది. శింశుపా వృక్షం మీది నుంచి హనుమంతుడు చూస్తున్నాడు. ఈ రాత్రే ఊరడించకపోతే ఆమె దక్కదని గ్రహించాడు. అయినా ఒక్కసారిగా ముందుకు దూకలేదు. సంస్కృతంలో మాట్లాడితే తనను రావణుడనుకుని బెదిరిపోతుందని, మనుషులు మామూలుగా మాట్లాడుకునే భాష ఎంచుకున్నాడు. ఆమెకు మాత్రమే వినబడేటట్టు, ఆమెకు ఇష్టమైన రాముడి కథతో మొదలుపెట్టాడు. ఆమె భయాలు, అనుమానాలు తీరేదాకా ఓపిక పట్టాడు. ఏడవకమ్మా అని ఒక్క ముక్క చెప్పి తన పని అయిందనుకోలేదు. ఆ హనుమంతుడు కూడా అంతకు కొద్దిసేపటి ముందు సీత కనిపించలేదని నిరాశపడి, తిరిగి వెళ్లడం కన్నా చావడం మేలనుకున్నవాడే. బతికి ఉంటేనే శుభం చూడవచ్చని తనకు తాను నచ్చజెప్పుకుని మళ్లీ వెతకడానికి లేచాడు. నిరాశ బలవంతులకు రాదన్న అపోహకు వాల్మీకి చోటు ఇవ్వలేదు.

అన్నగారితో మాట్లాడేటప్పుడు నలుగురి మధ్య అడగకూడదు. స్కూటర్ మీద వెళ్తున్నప్పుడో, మేడ మీద ఇద్దరే ఉన్నప్పుడో, "కొన్ని నెలలుగా నువ్వు సరిగ్గా నిద్రపోవడం లేదు, నాకు భయంగా ఉంది" అని కనిపించిన సంగతులు చెప్పాలి. "నీకేం తక్కువ, నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా" అన్న మాట వద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి జంకనక్కరలేదు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్న భయం తప్పని వైద్య పరిశోధనలు తేల్చాయి. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పురుగుమందులు, ఇంట్లో నిల్వ ఉన్న మాత్రలు చేతికి అందకుండా తీసేసి, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చాలాకాలంగా దిగులుగా ఉన్నవాడు హఠాత్తుగా ప్రశాంతంగా మారి, అప్పులు తీర్చేస్తూ, తనకిష్టమైన వస్తువులు పంచిపెడుతూ కనిపించినా అంతే జాగ్రత్త కావాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లడం దైవం మీద నమ్మకం లేకపోవడం కాదు. చరకసంహిత సూత్రస్థానం చికిత్సను మూడు విధాలుగా విభజించింది. దైవాన్ని ఆశ్రయించే మంత్ర, హోమాదులు ఒకటి, ఔషధం, ఆహారంతో చేసేది రెండోది, మనసును అహితమైన విషయాల నుంచి మళ్లించే సత్త్వావజయం మూడోది. రోగాన్ని పెంచేవాటిలో విషాదానిదే అగ్రస్థానమని కూడా ఆ గ్రంథమే చెప్పింది. ఒకటి చేస్తే మరొకటి మానాలని ఎక్కడా లేదు. ఇది పూర్వజన్మ కర్మఫలం అనేవారు సైతం మధుమేహానికి మాత్ర వేసుకుంటూనే ఉన్నారు. ఈ రోగానికి ఎందుకు మానాలి?

ఇక్కడ దీక్షలు పట్టేవారికి ఒక హెచ్చరిక అవసరం. అయ్యప్ప మాల వేసుకున్నామని, కార్తీక సోమవారం ఉపవాసమని మనసు మాత్రలు ఆపేసేవారున్నారు. వ్రతభంగం కలిగించని ఎనిమిదింటిని ధర్మగ్రంథాలు లెక్కపెట్టాయి. నీరు, పాలు, పండ్ల సరసన ఔషధం కూడా ఆ జాబితాలో ఉంది. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడుతుంది. కుదుటపడ్డాక కూడా సాధారణంగా మరికొన్ని నెలలు వాడాలి. హఠాత్తుగా మానేస్తే ఇబ్బంది కలుగుతుంది, రోగం తిరగబెట్టవచ్చు. జపం కుదిరినంత చేయవచ్చు. మనసు నిలవక సంఖ్య పూర్తి కాకపోతే దాన్ని ఇంకో అపరాధంగా నెత్తిన వేసుకోనివ్వకూడదు.

అమ్మగారి భయం నిజమైనదే, సంబంధాల వేళ ఊరు ఏం మాట్లాడుకుంటుందో ఆమెకు తెలుసు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచే బాధ్యత వైద్యుల మీద పెట్టింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షకు బదులు వైద్యం అందించాలని కూడా ఆ చట్టమే చెప్పింది. చట్టం ఊరి నోరు మూయించలేదు కానీ, మనవరాలి పెళ్లి పీటల దగ్గర తండ్రి ఉండాలన్నదే ఆ తల్లికి కూడా మొదటి కోరిక అయి ఉంటుంది.

బాగుపడ్డాక మళ్లీ కుంగిపోతే కంగారు పడకూడదు. శాంతిపర్వంలో యుద్ధం గెలిచి, రాజ్యం చేతికి వచ్చి, అంతా బాగుందని లోకం అనుకునే వేళ ధర్మరాజు అడవికి పోతానంటాడు. తమ్ముళ్లు, ద్రౌపది వాదించారు, కొందరు కటువుగానే మాట్లాడారు. వ్యాసుడు, కృష్ణుడు బోధించారు. భీష్ముడి దగ్గర అన్ని ధర్మాలూ విన్నాడు. అయినా ఆశ్వమేధిక పర్వం మొదట్లో గంగ ఒడ్డున మళ్లీ కూలిపోయాడు. అన్ని ధర్మాలు విన్నాక కూడా ఇదేమిటని వదిలేయకుండా, కృష్ణుడు చెప్పగా భీముడు ఆయనను పట్టుకున్నాడు. తిక్కన తెలుగు చేసిన ఈ పర్వాలను నాన్నగారు గీతతో పాటు చదివితే కొడుకు స్థితి మరింత అర్థమవుతుంది.

ఈ వారం ఆ ఇంట్లో జరగాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. చెల్లెలు వదినతో, తండ్రితో మాట్లాడాలి. ఇద్దరిలో ఒకరు అన్నగారితో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్, బి12 లోపం కూడా ఇలాంటి లక్షణాలు చూపించగలవు కనుక ఆ పరీక్షలు చేయమని అడగాలి. వెంటనే డాక్టరు దొరకకపోతే కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, కుటుంబసభ్యులు కూడా చేయవచ్చు. నెలల తరబడి రాత్రిళ్లు మేలుకుంటున్న వదినగారికి కూడా విశ్రాంతి కావాలి. వారానికి రెండు రాత్రులు చెల్లెలో, తండ్రో ఆ ఇంట్లో ఉండి ఆమెను నిద్రపోనివ్వాలి.