ఇద్దరి పాటకు కర్త ఎవరు?

తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యులు వేల సంకీర్తనల చివర తన పేరు చెప్పుకోలేదు, వేంకటేశుడి ముద్రే వేశారు. భక్తుడి వినయమని మెచ్చుకుని మనం ఊరుకుంటాం. నాకు మాత్రం అందులో వినయం కన్నా తత్త్వమే ఎక్కువ కనిపిస్తుంది. పాటకు కర్త ఒక్కడే అనుకోవడం పొరపాటు. ఆ సంగతి దేవుడి ఊసు లేని రికార్డింగ్ థియేటర్లో కూడా తేలుతుంది.

టి.వి.రాజు కొడుకు రాజ్, సాలూరి రాజేశ్వరరావు కొడుకు కోటి జంటగా 1983లో ‘ప్రళయగర్జన’తో మొదలుపెట్టి, సింథసైజర్లతో, కొత్త రిథమ్‌లతో తెలుగు సినిమా పాట నడకనే మార్చారు. 1994లో ‘హలో బ్రదర్’కు నంది అందుకున్నారు. ఆ పాటల్లో రాజ్ వాటా ఎంత, కోటి వాటా ఎంత? ఒకరు బాణీ, ఒకరు వాద్యాల కూర్పు అని పని పంచి చెప్పవచ్చు గానీ, చెవిన పడే పాటను అలా చీల్చలేం. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. కర్త అయిదింట ఒకటి మాత్రమే. తండ్రుల నుంచి అబ్బిన సంగీతం, చేతికందిన యంత్రాలు, గాయకుల గొంతులు, ‘రోజా’కు ముందు వీళ్ల దగ్గర కీబోర్డు వాయించిన ఎ.ఆర్.రహమాన్ వేళ్లు, ఇవన్నీ తక్కిన నాలుగింటిలోకి వస్తాయి. ఇద్దరు ఒక్క కర్తగా నిలవడం బయటా ఉంది: మాంచెస్టర్‌లో చదువుకుంటూ కలిసిన టామ్ రోలాండ్స్, ఎడ్ సైమన్స్ అన్నదమ్ములు కాకపోయినా ‘కెమికల్ బ్రదర్స్’ అనే ఒక్క పేరుతో డాన్స్ సంగీతం చేస్తున్నారు. అంతకన్నా గట్టి సాక్ష్యం మన దగ్గరే ఉంది. 1920లో తన జంటకవి తిరుపతిశాస్త్రి పోయాక కూడా చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన రచనలను జంట పేరుతోనే వెలువరించారు.

మరి రాజ్‌తో జంట విడిపోయాక కోటి ఒక్కరే ఎన్నో సినిమాలకు పాటలు కట్టారు కదా, కర్త ఒక్కడే అనడానికి అది చాలదా అని అడగవచ్చు. చాలదు. పక్క మనిషి లేకపోయినా, కలిసి పనిచేసిన ఏళ్లలో అబ్బిన చెవి ఎక్కడికీ పోదు. ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది: కర్త ఒక్కడే కాదంటే కష్టపడ్డవాడి కూలి, తప్పు చేసినవాడి బాధ్యత గాలికి పోవా? పోవు. గీత కర్తను కొట్టివేయలేదు, లెక్కలోనే ఉంచింది. తానొక్కడినే కర్తననుకునేవాణ్ణి మాత్రమే సరిగా చూడలేనివాడంది. ఆ లెక్క ఒప్పుకుంటే కూలి తగ్గదు సరికదా, టైటిల్స్‌లో పేరుకు నోచుకోని వాద్యకారుడికి కూడా చేరాల్సి వస్తుంది.