లాజరు కట్లు విప్పేదెవరు?

యోహాను సువార్త 11వ అధ్యాయం చదివేటప్పుడు మనం అద్భుతం దగ్గరే ఆగిపోతాం. చనిపోయి నాలుగు రోజులైన లాజరు సమాధిలోంచి లేచి వచ్చాడు, అంతటితో సరి అనుకుంటాం. కానీ దానికి ముందొక మాట, వెనకొక మాట ఉన్నాయి. రాయి తీసేయమని యేసు చెప్పగానే, ఈపాటికి వాసన వస్తుంటుందని మార్త అడ్డుపడింది. లాజరు బయటికి వచ్చాక కూడా అతని కాళ్లూ చేతులూ ప్రేతవస్త్రాలతో చుట్టుకునే ఉన్నాయి. కట్లు విప్పి అతణ్ని పోనివ్వమని యేసు అక్కడున్నవాళ్లతో చెప్పాడు. ప్రాణం పోసినవాడికి ఆ గుడ్డలు ఊడదీయడం ఓ లెక్కా? అయినా ఆ పని మనుషులకే అప్పగించాడు.

తాగి తాగి ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని రోడ్డున పడ్డ మనిషిని చూసినప్పుడల్లా నాకు ఈ రెండు మాటలూ గుర్తొస్తాయి. వాసనని చెప్పి తప్పుకునేవాళ్లం మనమే. కట్లు విప్పాల్సినవాళ్లమూ మనమే.

జెర్రీ మెకాలే 1839లో ఐర్లాండులో పుట్టాడు. చిన్నతనంలోనే న్యూయార్క్ చేరి, రాత్రిళ్లు పడవేసుకుని ఓడల్లో సరుకు దొంగిలించే ముఠాల్లో కలిశాడు. 19 ఏళ్లకు 15 ఏళ్ల శిక్ష పడి సింగ్ సింగ్ జైలుకు వెళ్లాడు. ఒక ఆదివారం జైలు చాపెల్‌లో సాక్ష్యం చెప్పడానికి ఆర్విల్ గార్డ్‌నర్ వచ్చాడు. ఒకప్పుడు పందేలకు ముష్టియుద్ధాలు చేసిన మొరటు మనిషి అతను. ప్రసంగాలు చెవినపెట్టని మెకాలే ఆ రోజు మాత్రం విన్నాడు. గార్డ్‌నర్ ఎలాంటివాడో బయట ఉన్నప్పుడే అతనికి తెలుసు మరి. గదిలో దుమ్ము కొట్టుకుపోయిన బైబిలు తీసి, గార్డ్‌నర్ చెప్పిన వచనం కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఎన్నో రాత్రుల పెనుగులాట తర్వాత ఆ గదిలోనే మోకాళ్లూని మారుమనస్సు పొందాడు. 1864లో క్షమాభిక్ష దొరికి విడుదలయ్యాడు.

మన సభల్లో అయితే ఇక్కడ హల్లెలూయా అని ముగించేస్తాం. కానీ జైలు తలుపు దాటి వచ్చిన మెకాలేకు ఎదురొచ్చి పలకరించే విశ్వాసి ఒక్కడూ లేడు. తలదాచుకోవడానికి దొరికిన చోటు ఒక బీరు దుకాణం. కొన్నాళ్లకే మళ్లీ తాగుడు, మళ్లీ నది మీద దొంగతనాలు. అతను నిజంగా మారలేదని ఎవరైనా అనుకుని ఉంటే వాళ్లను తప్పుపట్టలేం. నా మటుకు నాకు మాత్రం అతను మారాడనే అనిపిస్తుంది. ప్రాణం వచ్చింది, కట్లు విప్పేవాళ్లే రాలేదు.

తర్వాత ఒక మిషనరీ అతణ్ని పట్టుకున్నాడు. పని లేదు, తిండి లేదు, దొంగతనం తప్ప దారి లేదని మెకాలే అంటే, నువ్వు ఆ పనికి పోయేకంటే నా ఒంటిమీది కోటు తాకట్టు పెట్టి నీకు తిండి పెడతానన్నాడా మిషనరీ. ఆ కోటు వంక చూశాడు మెకాలే. పలచబడిపోయి, అరిగిపోయి ఉంది. ఎన్ని ప్రసంగాలకూ కరగనివాడు ఆ పాత కోటు ముందు కరిగిపోయాడు. ఆ తర్వాతా తప్పటడుగులు వేశాడు, ఒక్కసారి కాదు. వేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు మళ్లీ చెయ్యి పట్టుకున్నారు.

1872లో వాటర్ స్ట్రీట్ 316వ నంబరు ఇంట్లో, అంతకుముందు డ్యాన్స్ హౌస్‌గా నడిచిన చోట, మెకాలే తనలాంటివాళ్ల కోసం మిషన్ తెరిచాడు. అతని భార్య మారియా కూడా ఆ తాగుడు బతుకులోంచి బయటపడ్డ మనిషే. ఆకలితో వచ్చినవాడికి తిండి, చలికి వణికేవాడికి చోటు, ప్రతి రాత్రీ కూడిక. సాక్ష్యం చెప్పేవాళ్లకు ఒక్క నిమిషమే ఇచ్చేవాళ్లు. ఈ నియమం నాకెంతో నచ్చింది. నిమిషంలో గొప్పలు చెప్పుకోవడానికి వీలుండదు, నిజం చెప్పడానికి అది చాలు.

పదేళ్ల తర్వాత, 1882 ఏప్రిల్‌లో, మెకాలే కొత్తగా తెరిచిన క్రెమోర్న్ మిషన్‌కు శామ్యూల్ హ్యాడ్లీ వచ్చాడు. ఉన్నదంతా అమ్ముకుని తాగేశాడు, రోజుల తరబడి తిండి లేదు, దొంగ చెక్కులు రాసిన పాపం మెడకు చుట్టుకుని ఉంది. చావు దగ్గరపడిందని భయపడి తనంతట తానే పోలీసు స్టేషన్‌కు వెళ్లి లాకప్‌లో పెట్టించుకున్నాడు. అక్కణ్నించి బయటపడి మిషన్‌కు చేరితే, ఒకప్పటి దొంగ నిలబడి తన కథ చెబుతున్నాడు. ముందుకొచ్చి మోకరించిన హ్యాడ్లీకి మెకాలే చెప్పింది ఒక్కటే, నీ కోసం నువ్వే ప్రార్థించుకోమని. 1884లో మెకాలే జైలులో తగులుకున్న క్షయతో కన్నుమూశాడు. 1886 నుంచి వాటర్ స్ట్రీట్ మిషన్ బాధ్యత హ్యాడ్లీ చేతికొచ్చింది, 1906లో పోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు.

1902లో తత్వవేత్త విలియమ్ జేమ్స్ మతానుభవాల మీద రాసిన పుస్తకంలో హ్యాడ్లీ సాక్ష్యాన్ని చేర్చాడు. 1934 డిసెంబరులో న్యూయార్క్ టౌన్స్ ఆసుపత్రి మంచం మీద ఆ పుస్తకం చదివినవాడు బిల్ విల్సన్ అనే తాగుబోతు. అంతకు కొన్ని వారాల ముందే పాత తాగుడు స్నేహితుడు ఎబీ థాచర్ అతని ఇంటికొచ్చి, పోసిన గ్లాసు వద్దన్నాడు, దేవుడు తనను నిలబెట్టాడని చెప్పాడు. అప్పట్లో ఎబీ కాల్వరీ చర్చి నడిపే మిషన్‌లో ఉంటున్నాడు. మరుసటి ఏడాది బిల్, డాక్టర్ బాబ్ అనే మరో తాగుబోతూ కలిసి మొదలుపెట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం. అది ఏ మతానికీ చెందింది కాదు, అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ వస్తారు. అయినా తప్పు ఒప్పుకోవడం, నష్టపెట్టినవాళ్లకు సరిచెయ్యడం, తాను పొందింది ఇంకొకరికి అందించడం అనే దాని పద్ధతులు చాలావరకు అప్పటి క్రైస్తవ బృందాల్లోంచి వచ్చినవే.

బిల్ కట్లు విప్పిన ఎబీ మాత్రం మళ్లీ మళ్లీ పడిపోయాడు. దశాబ్దాల పాటు తాగుడు మానుతూ, మొదలెడుతూ నలిగాడు. బిల్ అతణ్ని ఎప్పుడూ విడిచిపెట్టలేదు, తనను మొదట దారిలో పెట్టినవాడు ఎబీయేనని చెబుతూనే వచ్చాడు. ఎబీ 1966లో చనిపోయేనాటికి తాగుడు మానేసే ఉన్నాడు.

మన తెలుగు సంఘాల్లో సాక్ష్యానికి పెద్దపీట వేస్తాం. ప్రభువు నన్ను తాగుడు నుంచి విడిపించాడని ఒక అన్న చెబితే అందరం చప్పట్లు కొడతాం. ఆరు నెలలకు అదే అన్న మళ్లీ గ్లాసు పట్టుకుంటే? సిగ్గుతో ఆదివారం రావడం మానేస్తాడు. వెనకబడిపోయాడని గుసగుసలాడుకుంటాం. నిన్నరాత్రి తాగానండీ, నాకోసం ప్రార్థించండి అని చెప్పుకునే చోటు గుడిలో లేకపోతే అతను దుకాణానికే పోతాడు. అక్కడ ఎవరూ ప్రశ్నించరు కదా. అతని ఇల్లాలు మాత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చుంటుంది. అన్నయ్య రాలేదేమ్మా అని ఎవరైనా అడుగుతారేమోనని తల దించుకుంటుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ప్రార్థన ఉంది కదా, మందులు అవతల పారెయ్యమనే బోధ ప్రాణాలు తీస్తుంది. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాడు ఉన్నపళంగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి చెదిరి లేనివి కనిపించవచ్చు, ప్రాణమే పోవచ్చు. బిల్ విల్సన్ దేవుణ్ని పిలిచింది డాక్టర్ల సంరక్షణలో ఉండగానే. ఉపవాస ప్రార్థన మనం చేద్దాం, ఉపవాసం అతని చేత చేయించవద్దు. మొదటి వారం అతను డాక్టరు దగ్గర ఉండాలి, వేళకు తినాలి.

పాస్టర్ గార్లకు నా మనవి ఇది. వారంలో ఒక సాయంత్రం చర్చి ఆవరణలో ఒక గది తాళం తీయించి ఉంచండి. మతం అడక్కుండా, ఒట్లు వేయించకుండా, తాగి మానినవాళ్లూ మానలేకపోతున్నవాళ్లూ కలిసి కూర్చోనివ్వండి. టీ పెట్టించండి. మత్తు నుంచి బయటపడాలనుకునేవాళ్లకు ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను నంబరు 14446, దాన్ని నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. వెనక వరసలోని ఆ చెల్లెమ్మకు ముందుగా ఆ నంబరు చెప్పండి.