దారిబత్తెం

పశ్చిమ ఆస్ట్రేలియాలో హాల్స్ క్రీక్ నుంచి విలూనా దాకా ఎడారి గుండా ఒక బాట ఉంది. దాని పేరు కానింగ్ స్టాక్ రూట్. పొడవు సుమారు 1850 కిలోమీటర్లు, అంటే హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళే రోడ్డు కంటే ఎక్కువ. అంత దూరంలోనూ ఊరన్నది దాదాపు కనిపించదు. ఉత్తరపు కొసన బిల్లిలూనాలో ఒకసారి, రమారమి నడిమధ్యన కునవరిట్జీ అనే ఆదివాసీ పల్లెలో ఇంకోసారి డీజిలు దొరుకుతుంది. ఆ పల్లె దాటాక దక్షిణాన విలూనా చేరేదాకా, వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా, బంకు లేదు. వందల ఇసుకతిన్నెలు ఎక్కి దిగాలి.

ఆ దారి పట్టేవాళ్ళలో చాలామంది నడిపేది డీజిల్ పికప్పు. అక్కడివాళ్ళు దాన్ని యూట్ అంటారు. టయోటా ల్యాండ్‌క్రూజర్ 79 వాళ్ళకు బాగా నమ్మకం కుదిరిన బండి. కంపెనీ బిగించి ఇచ్చే ట్యాంకులో 130 లీటర్లు పడతాయి. తారురోడ్డు మీద వంద కిలోమీటర్లకు 12, 13 లీటర్లు తాగే ఆ బండి, నీళ్ళూ తిండీ పనిముట్లూ నింపుకుని, టైర్లలో గాలి తగ్గించుకుని మెత్తటి ఇసుకలోకి దిగితే 20 లీటర్ల దాకా తాగుతుంది. ఆ లెక్కన 130 లీటర్లు 650 కిలోమీటర్లకే సరి. అందుకని బయల్దేరే ముందు పాత ట్యాంకు విప్పించి 170, 180 లీటర్లు పట్టేది వేయించుకుంటారు. అదీ చాలదనుకుంటే రెండో ట్యాంకో, 20 లీటర్ల జెర్రీ క్యాన్లో తోడవుతాయి.

దూరప్రయాణానికి దారిబత్తెం కట్టుకోవడం మనిషి ఎప్పటినుంచో చేస్తున్న పనే. ఎంత కట్టుకోవాలి, కట్టుకున్నది మనల్ని ఎలాంటివాళ్ళను చేస్తుంది అన్న ఆలోచన మాత్రం ఈ ట్యాంకుల సంగతి తెలుసుకునేకొద్దీ నాలో పెరుగుతూ వచ్చింది.

లీటరు డీజిలు దాదాపు 840 గ్రాములు తూగుతుంది. 50 లీటర్లు అదనంగా పోస్తే 42 కిలోలు. పెద్ద ట్యాంకు రేకు బరువు దానికి అదనం. బండి మొత్తం ఇంత బరువుకు మించకూడదని చట్టం ఒక హద్దు పెడుతుంది. కాబట్టి డీజిలుకు ఇచ్చిన కిలోలను ఇంకెక్కడో, సామాన్లలోనో మనుషుల్లోనో, తగ్గించుకోవాలి. ఆ 50 లీటర్లు ఇసుకలో 250 కిలోమీటర్లు నడిపిస్తాయి, నిజమే. కానీ వాటి అవసరం పడేది చివర్లో. అప్పటిదాకా మొదటి రోజు నుంచీ వాటిని మోసినందుకు కొంత డీజిలు కాలుతూనే ఉంటుంది. నిలవ ఊరికే కూర్చోదు. తనను మోసిన కూలి తీసుకుంటూనే ఉంటుంది.

అందుకే పని తెలిసిన మెకానిక్ ఎన్ని లీటర్లు కావాలని ముందుగా అడగడు. ఎక్కడికి వెళ్తున్నారని అడుగుతాడు. నగరంలో తిరుగుతూ, ఎప్పుడైనా సముద్రపు ఒడ్డుకు వెళ్ళొచ్చే బండికి 180 లీటర్లు వృథా బరువు. కానింగ్ బాట పట్టే బండికి అది అవసరం. దూరం తెలిస్తేనే బత్తెం ఎంతో తెలుస్తుంది. మన బతుకుల్లో ఈ వరస తలకిందులవుతోంది. ఎక్కడికి వెళ్ళాలన్నది తేల్చుకోకుండానే ఇంకో ప్లాటు కొంటాం, ఇంకో పాలసీ కడతాం, పిల్లల చేత ఇంకో డిగ్రీ చదివిస్తాం. ఇవేవీ తప్పు కావు. గమ్యం తెలియనివాడికి మాత్రం ఎంత ఉన్నా చాలినట్టుండదు, ఎందుకంటే కొలుచుకోవడానికి అతని దగ్గర దూరం లేదు.

ఇక ఎంత అన్నది తేలాక ఎలా దాచాలన్నది వస్తుంది. ట్యాంకును చాసిస్ దూలాల మధ్య, వీలైనంత కింద బిగిస్తారు. అదే డీజిలును క్యాన్లలో పోసి పైకప్పు మీద కడితే ఇసుకతిన్నె మీద బండి ఒరిగినప్పుడు ఆ బరువే ప్రాణాంతకం. నిండుకుండ తొణకదంటాం. ట్యాంకు విషయంలోనూ అంతే. నిండుగా ఉన్నంతసేపు కదలదు. సగమయ్యాక, మలుపులో డెబ్భై ఎనభై కిలోల డీజిలు ఒక్కసారిగా ఓ పక్కకు ఉరుకుతుంది. అందుకని లోపల అడ్డుపలకలు వెల్డింగు చేస్తారు. వాటికి కంతలు ఉంటాయి. డీజిలు అటూ ఇటూ పారుతుంది గాని విసురుగా పారదు. సగం ఉన్నప్పుడే మనిషికీ తొణుకు ఎక్కువ. పూర్తిగా ఉన్న రోజుల్లో, ఏమీ లేని రోజుల్లో రాని తత్తరపాటు, ఉన్నది తరిగిపోతోందని తెలిసిన రోజుల్లో వస్తుంది. రోజూ ఒకే వేళకు చేసే పని, నెలనెలా రాసుకునే ఖర్చుల పుస్తకం, మనసులోది చెప్పుకోగలిగిన ఒక స్నేహితుడు అప్పుడు అడ్డుపలకల్లా పనిచేస్తాయి. మనసును ఆపవు, దాని విసురును తగ్గిస్తాయి.

ట్యాంకుకు గాలి గొట్టం ఉండాలి. డీజిలు ఎంత బయటికి వెళ్తే అంత గాలి లోపలికి రావాలి. ఆ గొట్టం మట్టితో పూడుకుపోతే లోపల గాలి పీడనం పడిపోతుంది, పంపు లాగలేదు, ట్యాంకు నిండా డీజిలున్నా ఇంజన్ ఆగిపోతుంది. పైన కొంత ఖాళీ కూడా వదలాలి. డీజిలు ఒక్కో డిగ్రీ వేడికి వెయ్యి లీటర్లకు దాదాపు 0.8 లీటరు మేర వ్యాకోచిస్తుంది. ఎడారిలో తెల్లవారుజాము చలికీ మధ్యాహ్నపు ఎండకీ పాతిక డిగ్రీల తేడా వస్తే, 180 లీటర్లు మూడున్నర లీటర్లకు పైగా పెరుగుతాయి. అంచుదాకా నింపినవాడు ఆ మేరకు నేలపాలు చేసుకుంటాడు. రోజంతా పనులతో అంచుదాకా నింపుకునేవాళ్ళ సంగతీ ఇంతే. ఊహించని ఒక కబురు, ఒక అతిథి, ఒక జ్వరం వచ్చేసరికి వాళ్ళ దగ్గర చోటుండదు.

అడుగున ఉండేది నీరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోని గాలి రాత్రి చలికి చల్లబడితే గోడలకు చెమ్మ పడుతుంది. నీరు డీజిలు కంటే బరువు కాబట్టి కిందికి దిగుతుంది. ఆ నీటికీ డీజిలుకీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి జిగురులాంటి మడ్డిగా మారి ఫిల్టర్లను పూడ్చేస్తాయి. ఈనాటి డీజిల్ ఇంజన్లలో ఇంజెక్టర్ల దగ్గర పీడనం 1600 బార్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. ఆ సన్నటి ఇరుకుల్లోకి నీటి చుక్క చేరితే నష్టం పెద్దది. కనుక పెద్ద ట్యాంకు ఉన్నవాడు దాన్ని నింపి మరిచిపోకూడదు. వాడుతూ ఉండాలి, కొత్తది పోస్తూ ఉండాలి, నీటిని వేరుచేసే ఫిల్టరును అప్పుడప్పుడు విప్పి చూడాలి. చదువూ డబ్బూ స్నేహమూ వాడుకలో ఉన్నంతకాలమే శుభ్రంగా ఉంటాయని నా నమ్మకం.

ట్యాంకు మారిస్తే మీటరు ముల్లు మాట మారుతుంది. పాత ఆకారానికి సరిపోయిన ఫ్లోటు కొత్త ఆకారంలో నిజం చెప్పకపోవచ్చు. చాలాసేపు నిండుగా చూపి, తర్వాత గబగబా పడిపోవచ్చు. అందుకని ఓపిక ఉన్నవాళ్ళు కొలత ప్రకారం కొన్నేసి లీటర్లు పోస్తూ ముల్లు ఎక్కడెక్కడ నిలుస్తుందో రాసుకుంటారు. బయల్దేరాక నడిచిన కిలోమీటర్లూ పోసిన లీటర్లూ చిన్న పుస్తకంలో ఎక్కిస్తారు. లెక్కకు వచ్చినదాని పైన నాలుగో వంతో ఐదో వంతో అదనంగా ఉంచుకుంటారు. ఆ అదనం దారి తప్పితే, వాన పడి బాట మూసుకుపోతే, ఇసుకలో ఇంకెవరి బండో ఆగిపోయి కనబడితే పనికొస్తుంది.

ఇదంతా సవ్యంగా చేసుకున్నాక, కట్టుకున్నది మనల్ని ఎలాంటివాళ్ళను చేస్తుంది అన్న ప్రశ్న మిగులుతుంది. దాని జవాబు ఆ బాట చరిత్రలోనే ఉంది.

కింబర్లీ ప్రాంతపు పశువులను దక్షిణాది బంగారు గనుల ఊళ్ళ సంతకు తోలుకురావడానికి 1906, 1907 సంవత్సరాల్లో ఆల్‌ఫ్రెడ్ కానింగ్ అనే సర్వేయరు ఈ దారిని సర్వే చేశాడు. మంద ఒక రోజు నడిచేంత దూరానికో చోట నీళ్ళు కావాలి. అతని బృందం దగ్గర ఒంటెలున్నాయి, పనిముట్లున్నాయి, తిండి ఉంది. నీళ్ళెక్కడున్నాయో మాత్రం తెలియదు. అది అక్కడ తరతరాలుగా బతుకుతున్న మార్టు తదితర ఆదివాసులకు తెలుసు. వాళ్ళను పట్టుకుని, గొలుసులతో కట్టి, నీటి చోట్లు చూపించేదాకా వెంట నడిపించారు. ఆ బృందంలోని వంటవాడు ఎడ్వర్డ్ బ్లేక్ దీని మీద ఫిర్యాదు చేస్తే 1908లో రాయల్ కమిషన్ విచారణ జరిగింది. కమిషన్ కానింగ్‌ను నిర్దోషి అంది. ఆ వెంటనే, 1910 కల్లా, యాభై దాకా బావులు పూర్తయ్యాయి. వాటిలో చాలా భాగం ఆ జనం ఎప్పటినుంచో తాగుతున్న నీటి చోట్ల మీదే తవ్వారు.

ఆ ఎడారిలో వాళ్ళు చాలా కొద్దిపాటి సామానుతో తిరిగేవారు. ఏ ఋతువులో ఏ చెలమలో నీళ్ళుంటాయో వాళ్ళకు పాటల్లో, కథల్లో, పెద్దల వెంట నడకలో వచ్చేది. వాళ్ళ బత్తెమంతా ఆ తెలివిడి, ఆ చుట్టరికం. 2010లో కాన్‌బెర్రాలోని జాతీయ మ్యూజియంలో ‘యివర్రా కుజూ’ అనే ప్రదర్శనలో ఆ వంశాల చిత్రకారులు తమ నేలను, తమ నీళ్ళను తామే గీసి చూపారు. సర్వేయరు పటంలో సరళరేఖలా ఉన్న బాట పక్కన ఎన్ని కుటుంబాలు, ఎన్ని కథలు ఉన్నాయో లోకం అప్పుడు చూసింది.

దూరం వెళ్ళడానికి మోసుకెళ్ళడం ఒక దారి, నేలనూ మనుషులనూ తెలుసుకోవడం ఇంకో దారి. ఎడారి వాసులం కాని మనకు మోయక తప్పదు. కానీ 180 లీటర్లున్న బండిలో ఒక ప్రమాదం ఉంది. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదన్న భావం నెమ్మదిగా మనసులోకి వస్తుంది. దారిలోని పల్లె అనవసరంగా తోస్తుంది. కానింగ్ చేసిన అన్యాయం కూడా అడగవలసిన చోట బలవంతం చేయడమే. అందుకే ఆ బాటలో వెళ్ళేవాళ్ళు ఆ నేల హక్కుదారుల అనుమతి ముందుగా అడిగి తీసుకోవాలన్న నియమం నాకు ఎంతో సబబుగా కనిపిస్తుంది. ట్యాంకులో ఇంకా ఉన్నా కునవరిట్జీలో ఆగి, ధర ఎక్కువైనా కొంత డీజిలు పోయించుకుని, ముందు దారి ఎలా ఉందని అడిగే ప్రయాణికుడి మీద నాకు గౌరవం.

కూడబెట్టుకోవడం మంచిదే. చేతిలో కాస్త ఉంటే భయం తగ్గుతుంది. భయం తగ్గినవాడు చుట్టూ చూడగలడు, తీరిగ్గా మాట్లాడగలడు, ఇవ్వగలడు. ఆ పని చేసినంతవరకే నిలవకు విలువ. ఎంత ఉంటే మరొకరితో పనిలేకుండా బతకొచ్చు అని లెక్కవేయడం మానేసి, ఎంత ఉంటే మరొకరికి పనికిరాగలను అని లెక్కవేసుకుంటే, ఆ అంకె మనం అనుకున్నదానికంటే చాలా చిన్నదిగా తేలుతుంది. నాకు కావలసిన దారిబత్తెం అంతే. అందులోని ఐదో వంతు నాది కాదని, దారిలో ఎదురుకాబోయే ఎవరిదోనని ముందే అనుకుని బయల్దేరాలని ఉంది.