చూచుట, చూచుకొనుట

మన భాషలో 'చూచుట' యొక మాట, 'చూచుకొనుట' వేఱొక మాట. వీథిని బోవువాఁడు బిడ్డను జూచును. తల్లి బిడ్డను జూచుకొనును. మొదటిదానికిఁ గన్ను చాలును. రెండవదానికిఁ గన్నుతోఁ బాటు పూఁట కావలయును. మనుష్యుని కంటికి బదులుగా యంత్రపుఁ గన్ను కొలువునకు వచ్చిన యీ కాలమున నీ భేదమును విద్యావంతులు శ్రద్ధతో విచారింపవలసి యున్నదని మా యభిప్రాయము.

వట్టి మాటలతో సరిపుచ్చక, యొక నిజమైన పనిని దీసికొందము. బహిరంగ గనులలో రాతిని, లోహశిలను, బొగ్గును ఎత్తి డంపరులలోఁ బోయుటకు షావెలు లను మహాయంత్రములు గలవు. వానిలో మిక్కిలి పెద్దవి యొక్క యెత్తునకు నూఱు టన్నుల రాతి నెత్తఁగలవు. బకెట్టు పెదవి వెంబడి ఉక్కు పండ్లు వరుసగా నమర్పఁబడి యుండును. మన రైతు నాగలికిఁ గఱ్ఱు ఎట్టిదో, ఆ యంత్రమునకుఁ బండ్లట్టివి. కఱ్ఱు అఱిగినప్పుడు రైతు దానిని గమ్మరి కొలిమికిఁ గొనిపోయి సాగఁగొట్టించును. షావెలు పన్ను అఱిగినప్పుడు దానిని దీసి క్రొత్తదానిని దొడుగుదురు.

సకాలమున మార్పనిచో నష్టములు రెండు. మొద్దువాఱిన పన్ను రాతిలో దిగక యంత్రమునకు శ్రమ హెచ్చును. ఇది చిన్న నష్టము. పన్ను ఊడియో విఱిగియో రాతితోఁ గలసి, డంపరు నెక్కి, రాతిని నలుగఁగొట్టు క్రషరులోఁ బడుట పెద్ద నష్టము. క్రషరు రాతిని నలుపును గాని యంతటి గట్టి యుక్కును నలుపఁజాలదు. ఉక్కు నడుమఁ జిక్కుకొని పని యంతయు నిలిచిపోవును. అప్పుడు మనుష్యులు చేరి దానిని గోసియో, లాగియో తీయవలయును. బిగిసియున్న లోహ మొక్కుమ్మడిగా వదలి యెగిరెనా, దగ్గఱనున్నవాని ప్రాణమునకే ముప్పు.

పూర్వము నడుపరి తన గదినుండి తొంగిచూచియో, పనివాఁడు యంత్రమును నిలిపించి దగ్గఱకుఁ బోయియో పండ్లను లెక్కించెడివారు. దుమ్ము, చీఁకటి, రాత్రిపనిలోని నిద్రమత్తు ఈ లెక్కకు విరోధులు. ఇప్పుడు యంత్రపు బాహువుపైఁ గెమెరాను బిగించి, పని జరుగుచుండఁగనే బకెట్టు బొమ్మను మాటిమాటికిఁ దీయుచున్నారు. కంప్యూటరు ఆ బొమ్మలోఁ బండ్లెన్నియో లెక్కించును. ఒక్కొక్కదాని పొడవును గొలిచి, నిన్నటి కొలతతో నేటి కొలతను బోల్చును. ఒకటి లోపించినచో నడుపరి గదిలో హెచ్చరికను మ్రోఁగించును. దానికీ విద్యను గఱపిన తీరు మావంటి బడిపంతుళ్లకు విస్మయము గొల్పును. ఇది పన్ను, ఇది రాయి, ఇది నీడ యని మనుష్యులు గుర్తులిడిన బొమ్మలను వేలకొలఁదిగాఁ జూపఁగాఁ జూపఁగా, నది క్రొత్త బొమ్మలోఁ బన్నును దానై గుర్తింప నేర్చినది. 2012 తరువాత నీ బొమ్మల విద్య మిక్కిలి వేగముగఁ బెరిగెను. కెనడాలోని వాంకూవరు నగరమున నిట్టి పరికరములను జేయు మోషన్ మెట్రిక్స్ అను సంస్థను 2021లో గ్లాస్గో నగరపు వీర్ గ్రూప్ కొనుటను బట్టి, యిది ప్రయోగశాల దాఁటి వాణిజ్యములోఁ గుదురుకొన్నదని తెలియుచున్నది.

యంత్రమనఁగానే కన్నెఱ్ఱ చేయువారిలో మేము చేరము. మనుష్యుఁడు క్రషరులో దిగవలసిన పని యొక్కమాఱు తప్పినను ఆ కెమెరా ధన్యమే. కాని దానిని బిగించినంతనే క్షేమమును గొనితెచ్చుకొంటిమని తలఁచుట మాత్రము భ్రాంతి.

ఏల యన, కెమెరా సాక్షి గాని కర్త గాదు. ముండకోపనిషత్తులోని రెండు పక్షులలో ఫలము నంటక చూచుచుండు పక్షివంటి దది. పన్ను విఱిగెనని చెప్పును. యంత్రమును నిలుపవలెనా వలదా యను తీర్పు దానిది కాదు. లెన్సుపై బురద పడినచో నున్న పన్నును లేదనవచ్చును. రాయి యడ్డము వచ్చినచోఁ బొరపడవచ్చును. నిలుపుట, నిలుపకుండుట యను కర్మఫలము మనుష్యునిదే.

ఇంకొక సంగతి. తెలియక చేసిన తప్పునకును దెలిసి చేసిన తప్పునకును మన ధర్మశాస్త్రములు భేదమును జెప్పినవి. లోకమును నట్లే తలఁచును. కెమెరా రాకపూర్వము యజమానికి "నాకుఁ దెలియదు" అను మాట యొక కవచముగా నుండెను. ఇప్పుడా కవచము జాఱిపోయినది. గడియతో, తేదీతో, బొమ్మతో సహా సాక్ష్యము నిలిచియున్నది. కావునఁ గెమెరాను గొన్నవాఁడు క్షేమమును గాదు, ఋణమును గొన్నవాఁడు. చూచినంత మేర చూచుకొనవలసిన ఋణమది.

చూచియుఁ జూచుకొననిచో నేమగునో యింగ్లండులోని హాట్‌ఫీల్డు చెప్పును. అచ్చట 2000వ సంవత్సరము అక్టోబరు 17న రైలు పట్టా పగిలి ముక్కలై, బండి పట్టాలు దప్పి నలుగురు మృతిచెందిరి. డెబ్బదిమందికిఁ బైగా గాయపడిరి. చక్రముల రాపిడిచేఁ బట్టాలోఁ జీలికలు పుట్టిన సంగతి యంతకు ముందే యెఱిగినదే. మార్చుటకుఁ గ్రొత్త పట్టాలను సైతము సమకూర్చిరి. వేయుట యొక్కటియే జరుగలేదు. అచ్చట లోపించినది కన్ను గాదు.

1801లోఁ గోపెన్‌హేగెన్ యుద్ధమున, వెనుదిరుగుమని పైయధికారి యెత్తించిన సంకేతమును జూచుటకు నెల్సన్ దుర్భిణిని దన గ్రుడ్డికంటికి నానించుకొని, తనకేమియుఁ గనఁబడలేదనెనని కథ. ఆతఁడు గెలిచెను గావున లోకము నవ్వి మెచ్చుకొనెను. హెచ్చరిక గంటను మూయించి పని నడిపించు నధికారియు నట్టి దుర్భిణినే పట్టుచున్నాఁడు. కాని యోడినప్పుడు ప్రాణము నిచ్చువాఁడు వేఱొకఁడు.

గంట మ్రోఁగినప్పుడెల్ల నిలిపినచోఁ బని సాగుటెట్లని గని నడపువారడుగుదురు. ఈ ప్రశ్న త్రోసివేయఁదగినది కాదు. వట్టి గంటలు పదిమాఱులు మ్రోఁగినచో, నాన్నా పులి యని యూరక యఱచిన పిల్లవాని కథవలెఁ బదునొకండవ గంటను ఎవ్వరును వినరు. అందుచేతనే ముందుగా నిర్ణయింపవలసినవి కొన్ని గలవు. ఎంత యఱుగుదలకుఁ బన్ను మార్పవలయును? గంట మ్రోఁగినప్పుడు నిలుపు నధికార మెవ్వరిది? నిలిపిన పిదప గంట వట్టిదని తేలినచో నిలిపినవానికి శిక్ష గలదా? ఈ కడపటి ప్రశ్నకు 'లేదు' అను సమాధానము స్పష్టముగా వ్రాసియుంచని చోట, కెమెరా యెంత చూచినను నడుపరి చేయి మీటను ముట్టదు.

ఇఁక నన్నిటికంటె ముఖ్యమైన విషయము. పండ్లను జూచెడి కన్నే యిప్పుడు మనుష్యునివైపునకును దిరిగినది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా నగరమునఁ బుట్టిన సీయింగ్ మెషీన్స్ అను సంస్థ, డంపరు నడుపువాని కనుఱెప్పలను గెమెరాతోఁ గనిపెట్టి, నిద్ర ముంచుకొని వచ్చినచోఁ గూర్చున్న పీఠమును గదలించి మేలుకొలుపు సాధనమును జేసినది. ఇదియుఁ బ్రాణరక్షణకే, మేము కాదనము. కాని యొక్కటి యడుగుదుము. పన్ను అఱిగినదని తెలిసినచో నెవ్వరును బన్నును నిందింపరు. రాయి గట్టిది, పని హెచ్చు, మార్పవలయునందురు. మనుష్యుఁడు అలసెనని తెలిసినచో నేమందురు? వానికి విశ్రాంతి నిత్తురా, లేక వాని పేరునకెదురుగాఁ దప్పు వ్రాయుదురా? వరుసగా నెన్ని రాత్రులు పనిచేయించితిమని లెక్క చూతురా, లేక ఱెప్ప వాలిన క్షణమునే లెక్కింతురా? ఉక్కుపన్నునకుఁ జూపు న్యాయమును మనుష్యునికిఁ జూపమి యధర్మము. మన తెలంగాణమున గోదావరి లోయలోని సింగరేణి బహిరంగ గనులలోను షావెళ్లు, డంపరులు రాత్రింబవళ్లు పనిచేయుచున్నవి. వానిని నడుపువా రీ పత్రిక చదువు గృహములలోని తండ్రులు, అన్నదమ్ములు గాకపోవుదురా?

ఇది గనులకే చెందిన ధర్మమని తలఁపరాదు. ఇంటి గోడపై విద్యుత్తీఁగ తొడుగు చిట్లియుండుటను నిత్యము చూచుచుఁ బ్రక్కనుండి పోవుదుము. అంట్లు తోమెడి యామె వ్రేళ్లు సోడానీళ్లకుఁ బగిలియుండుటను బ్రతిదినము చూచుచుఁ గంచమును మాత్రము తళతళలాడినదా యని పరికింతుము. వీనిని జూచుటకు మనకుఁ గెమెరా యక్కఱలేదు. చూచితిమి గనుక ఋణపడితిమి. తీఁగను నేఁడు మార్పింతము. ఆమె చేతులకు మందును, వారమునకొక దినము సెలవును, జీతము కోయకుండ నిత్తము. ఇట్లు మన యింటిలోఁ జేసిననాఁడే గని యజమానిని నిలువఁదీసి యడుగుటకు మన నోటికి బలము గలుగును.