బృందం

మొన్నొక సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పాత సినిమా పాటలు విని, నేనూ మా బావగారూ నారాయణగూడ చౌరస్తా వైపు నడుస్తున్నాం. ఉన్నట్టుండి ఆయన, "ఏమోయ్, బోనీ ఎమ్ వాళ్లు నన్ను మోసం చేశారోయ్!" అన్నారు.

కాలేజీ రోజుల్లో మా బావగారికి ఆ బృందమంటే పిచ్చి. 'డాడీ కూల్' 1976లో వచ్చింది, 'రివర్స్ ఆఫ్ బాబిలోన్' 1978లో. ఆ నలుగురిలో మగవాడు బాబీ ఫారెల్ ఒక్కడే. అతను గంతులేస్తుంటే ఆ బొంగురు గొంతు అతనిదేననుకున్నారు జనం. కాదు. అది తెర వెనకున్న జర్మన్ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. 1975లో బోనీ ఎమ్ పేరుతో మొదటి పాట ఆయనే పాడుకున్నాడు. పాట నిలబడింది గాని, టీవీలో చూపించడానికి మనుషులు కావాలిగా! నలుగురిని పోగుచేశాడు. వాళ్లలో రికార్డుల మీద నిజంగా పాడింది లిజ్ మిచెల్, మార్షియా బారెట్ ఇద్దరే.

"పెదవొకడిది, గొంతొకడిది. మోసం కాదూ?" అన్నారు బావగారు.

"ఇందాక మీరు తలూపిన ఘంటసాల పాటలకి పెదవులు ఎవరివండీ? రామారావుగారివీ నాగేశ్వరరావుగారివీ కాదూ?"

"అది వేరు. పాడిందెవరో అందరికీ తెలుసు."

నిజమే. అరువు నగ పెట్టుకుని పెళ్లికి వెళ్లడం తప్పు కాదు. ఎవరిదని అడిగితే మాదేననడం తప్పు. ఆ మాటకొస్తే మనమూ మొదట్లో అన్నవాళ్లమే. 1949లో 'మహల్' వచ్చినప్పుడు రికార్డు మీద గాయని పేరు 'కామిని' అని వేశారు. అది సినిమాలో పాత్ర పేరు. పాడింది లతా మంగేష్కర్!

ఇదే ఫారియన్ తర్వాత మిల్లీ వనిల్లీ అని ఇద్దరు కుర్రాళ్లను నిలబెట్టాడు. రికార్డు మీద పాడింది వేరేవాళ్లు. 1990 ఫిబ్రవరిలో ఆ కుర్రాళ్లకు గ్రామీ బహుమతి ఇచ్చారు. గుట్టు బయటపడ్డాక నవంబరులో లాక్కున్నారు. నవ్వులపాలైంది మాత్రం ఆ ఇద్దరే. ఒకడు 1998లో చిన్న వయసులోనే పోయాడు. నడిపించినవాడు మరో బృందాన్ని తయారుచేసుకున్నాడు.

"పాడనివాళ్లకు పేరొస్తే ఇంత కోపమొచ్చింది గదా, బావగారూ, పాడినవాళ్లకు పేరు రాకపోతేనో? రేడియోలో చెప్పేవారు జ్ఞాపకముందా? పాడినవారు ఘంటసాల, సుశీల, బృందం అని!"

ఆయన మాట్లాడలేదు. ఆ 'బృందం' అనే ఒక్క మాటలో ఎందరి గొంతులు కలిసిపోయాయో! పల్లెపాటలో ఊపు వాళ్లది, పెళ్లిపాటలో సందడి వాళ్లది. ఇక్కడ ఎవరూ అబద్ధమాడలేదు. మనం అడగలేదు, అంతే. అబద్ధానికైతే బహుమతి లాక్కోవడమనే శిక్ష ఉంది. అడగకపోవడానికి శిక్ష లేదు. అది అందరం చేసేదే గనక.

"ఇందాక వెనక నిలబడి కోరస్ పాడిన ముగ్గురమ్మాయిల పేర్లేమిటండీ?" అన్నాను.

ఆయనకు తెలీదు. నాకూ తెలీదు. వందన సమర్పణలో చదివే ఉంటారు. అప్పటికి మేం లేచి చెప్పులు వెతుక్కుంటున్నాం.

మర్నాడు బావగారు పక్కింటాయనకు ఆవకాయ సీసా అందిస్తూ, ఎప్పటిలా "మా ఇంటి ఆవకాయ" అనబోయి ఆగారు.

"మా ఆవిడ పెట్టిందండీ" అన్నారు.

లోపల మా అక్కయ్య గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగింది.