కారు ధర, కారు పన్ను, మన లెక్క

కొన్ని నెలల క్రితం శ్రీకాకుళంలోని ఒక మసీదులో జుమా నమాజు ముగిశాక ఒక యువకుడు మమ్మల్ని పక్కకు పిలిచాడు. ఆయన గల్ఫ్‌లో ఎనిమిదేళ్లు పనిచేసి తిరిగి వచ్చాడు. కొత్త కారు కొనాలనుకుంటున్నాడు. ధర 22 లక్షలు. చేతిలో 24 లక్షలున్నాయి. ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయిస్తే జీవితకాల పన్ను ఒక్కటే 3 లక్షలు దాటుతోంది. "హజ్రత్, యానాంలో మా దోస్తు ఇల్లుంది. ఆ అడ్రసు మీద చేయిస్తే చాలా మిగులుతుంది. ఇది ప్రభుత్వ పన్నే కదా, జకాత్ కాదు కదా. ఎగ్గొడితే గునాహ్ అవుతుందా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు. విజయనగరంలోనూ, బొబ్బిలిలోనూ, పలాసలోనూ కాస్త చేయి తిరిగిన మన కుటుంబాల్లో ఇది తరచూ వినిపించేదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాము.

ముందు పన్ను సంగతి. మన రాష్ట్రంలో లారీలు, బస్సులు మూడు నెలలకోసారి పన్ను కడతాయి. సొంత కారుకు మాత్రం కొన్న రోజునే జీవితకాల పన్ను మొత్తం కట్టాలి. 1963 నాటి మోటారు వాహనాల పన్ను చట్టం దీనికి ఆధారం. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో 10 లక్షల లోపు కారుకు 12 శాతం, అది దాటితే 14 శాతం అని నిర్ణయించారు. ఆ తర్వాత ఈ భారం పెరిగిందే గాని తగ్గలేదు. ఈ మెట్ల లెక్కలో ఒక తిరకాసు ఉంది. ఆనాటి రేట్ల ప్రకారం 9 లక్షల 90 వేల కారుకు పన్ను 1,18,800 రూపాయలు. 10 లక్షల 10 వేల కారుకు 1,41,400. అంటే ధరలో 20 వేల తేడాకు పన్నులో 22,600 తేడా! మనిషి మనసు వంకర దారి వెతికేది ఇలాంటి మెట్టు దగ్గరే. బిల్లులో ధర కాస్త తగ్గించి రాయమని ఒకరు అడుగుతారు. రెండో కారుకు ఎక్కువ శాతం పడుతుందని భార్య పేరో, తల్లి పేరో రాయిస్తారు మరొకరు. మూడో దారి పొరుగు అడ్రసు.

బయటి దేశాల్లో మన తెలుగువారు కట్టే పన్ను వేరే రకం. బ్రిటన్‌లో కారుకు ఏటా పన్ను కట్టాలి. 2017 ఏప్రిల్ నుండి 40 వేల పౌండ్లు దాటిన కార్ల మీద రెండో ఏడాది మొదలుకొని ఐదేళ్లపాటు అదనపు పన్ను కూడా పెట్టారు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో కారు విలువను బట్టి ఏటా బిల్లు వస్తుంది. కారు పాతబడి విలువ తగ్గేకొద్దీ ఆ బిల్లూ తగ్గుతుంది. మన దగ్గర కూడా కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన బి.హెచ్. వరుస నంబర్లకు పన్ను రెండేళ్ల చొప్పున కట్టవచ్చు. సైనికులకు, ప్రభుత్వోద్యోగులకు, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు ఆ వీలుంది. ఈ రెండు పద్ధతులకూ మనిషి మీద వేర్వేరు ప్రభావం ఉంటుందని మా అభిప్రాయం. ఏటా కట్టేవాడు ఏటా ఒకసారి తన కారును తలచుకుంటాడు: ఇది నాకు ఇంకా అవసరమా, దీనిని మోయగలనా? ఒకేసారి కట్టేవాడికి ఆ నొప్పి షోరూములోనే మొదలై అక్కడే ముగుస్తుంది. అది కూడా అప్పులో కలిసిపోతే అసలు తెలియనే తెలియదు. ధర, బీమా, పన్ను అన్నీ కలిపి వడ్డీ అప్పుగా ఇచ్చేవారికి కొదవ లేదు. వడ్డీ హరామ్ అన్న విషయంలో మేము కొత్తగా చెప్పవలసిందేమీ లేదు.

ఇక ధర్మశాస్త్రం సంగతి. "పన్ను వసూలు చేసేవాడినే హదీసు ఖండించింది కదా, అలాంటప్పుడు ఎగ్గొట్టడం తప్పెలా అవుతుంది?" అని కొంచెం చదువుకున్న సోదరులు వాదిస్తారు. వారు చూపేది 'మక్స్' గురించిన హదీసు. గామిద్ తెగకు చెందిన స్త్రీ చేసిన తౌబా ఎంతటిదో చెబుతూ, మక్స్ వసూలుదారు అలాంటి తౌబా చేసినా క్షమించబడేవాడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అన్నట్లు సహీహ్ ముస్లింలో ఉంది. అయితే మక్స్ అంటే ప్రతి పన్నూ కాదు. దారి కాచి, సంతలో నిలబడి, వర్తకుల నుండి అన్యాయంగా గుంజుకునే సొమ్ముకు ఆ పేరు. మదర్సాలో మేము చదివిన హిదాయాలో కఫాలత్ అధ్యాయంలో 'నవాయిబ్' అనే మాట వస్తుంది. అందరికీ పనికివచ్చే కాలువ తవ్వకం, వాడకు కాపలాదారు కూలి వంటి వాటికి ప్రజలపై పడే భారాన్ని ఫుఖహాలు అక్కడ న్యాయమైనదిగానే లెక్కించారు. అన్యాయమైన భారాన్ని దానినుండి విడదీసి చూశారు. రోడ్డు, వంతెన ఈ కాలువ కోవలోకే వస్తాయి. ఇచ్ఛాపురం నుండి భోగాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణించేవాడికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. "మరి మడపాం దగ్గర, నాతవలస దగ్గర టోలు కూడా కడుతున్నాం కదా" అంటారా? ఆ ఫిర్యాదులో పస ఉంది. పన్ను శాతం ఎక్కువనిపిస్తే చెప్పడానికి శాసనసభ్యులున్నారు, కోర్టులున్నాయి. ఫిర్యాదు ఉన్నంత మాత్రాన అబద్ధపు అడ్రసు నిజమైపోదు.

అసలు ముడి ఆ అబద్ధంలోనే ఉంది. మనం నివసించే చోటనో, బండి మామూలుగా ఉండే చోటనో రిజిస్టరు చేయించాలన్నది 1988 చట్టం 40వ సెక్షను. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలన్నది 47వ సెక్షను. యానాంలో నిజంగా కాపురముంటే అక్కడ చేయించుకోవడంలో ఏ దోషమూ లేదు. పన్ను తక్కువైతే అది ఆయన అదృష్టం. శ్రీకాకుళంలో ఉంటూ యానాంలో ఉన్నానని సంతకం చేస్తే మాత్రం అది అబద్ధపు సాక్ష్యం. ఇచ్చిన మాటను, చేసిన ఒప్పందాన్ని నెరవేర్చమని అల్ మాయిదా సూరా మొదటి ఆయతే విశ్వాసులను ఆదేశిస్తోంది. పైన పొడి ధాన్యం పోసి తడిదాన్ని కింద దాచిన వర్తకుడి విషయంలో ప్రవక్త (స) ఏమన్నారో మనకు తెలుసు. 2017లో కేరళలో ఖరీదైన కార్లను దొంగ అడ్రసులతో పుదుచ్చేరిలో రిజిస్టరు చేయించారని పేరున్న వారి మీదే కేసులు నడిచాయి. లోకంలో పరువు పోవడం ఒక ఎత్తు, అల్లాహ్ సన్నిధిలో ఆ సంతకానికి జవాబు చెప్పడం మరో ఎత్తు.

భార్య పేరు, తల్లి పేరు రాయించడం గురించి కూడా ఒక మాట. నిజంగా ఆమెకు ఇచ్చి, ఆమె స్వాధీనం చేస్తే అది హిబా. ఇవ్వకుండా పేరు మాత్రం వాడుకుంటే రేపు ఆయన చనిపోయాక ఆ కారు ఎవరిదని అన్నదమ్ములు కొట్లాడుకుంటారు. అలాంటి పంచాయితీలకు మేము రెండుసార్లు కూర్చున్నాము. రెండుసార్లూ కాగితం ఒకటి చెప్పింది, సాక్షులు ఇంకొకటి చెప్పారు.

అలాగని ఖరీదైన కారు కొనడమే పాపమని మేము అనడం లేదు. మంచి వాహనం మనిషి సౌభాగ్యాల్లో ఒకటని హదీసులో ఉంది. మాసిన బట్టలతో వచ్చిన ఒక ధనికుడితో, అల్లాహ్ ఇచ్చిన అనుగ్రహం నీ మీద కనబడాలి కదా అని ప్రవక్త (స) అన్నారు. గుర్రాలు, కంచరగాడిదలు స్వారీ కోసమే కాక అలంకారం కోసం కూడా అని అన్ నహ్ల్ సూరా చెబుతోంది. కాని ప్రవక్త (స) గుర్రాలను మూడు రకాలుగా చెప్పారు: ఒకడికి పుణ్యం, ఒకడికి ఆచ్ఛాదన, గొప్పకోసం కట్టుకున్నవాడికి భారం. గుర్రం అదే, కట్టుకున్నవాడి ఉద్దేశమే వేరు. 22 లక్షల కారు ఈ మూడింటిలో ఏదో తేల్చేది ఆర్టీవో ఆఫీసు కాదు, మౌల్వీ అంతకన్నా కాదు. ఎవరి గుండెను వారే అడిగి తెలుసుకోవాలి.

ఆ యువకుణ్ణి మేము ఈ 24 లక్షలు ఎక్కడివని అడిగాము. 8 లక్షలు గల్ఫ్ పొదుపు, మూడేళ్లుగా బ్యాంకులో ఉన్నాయి. దాని జకాత్ ఏడాదికి సుమారు 20 వేలు. మూడేళ్లదీ బాకీ ఉంది. "ప్రభుత్వానికి ఇంత కడుతున్నాం కదా" అన్నాడు. ప్రభుత్వ పన్ను జకాత్ లెక్కలోకి రాదు. జకాత్ ఆరాధన, దాని హక్కుదారులను అత్ తౌబా సూరాలో అల్లాహ్‌యే నిర్ణయించాడు. మిగతా 16 లక్షలు తండ్రి మరణించాక టెక్కలి దగ్గర పొలం అమ్మగా వచ్చినవి. "అక్కలకు ఇచ్చావా?" అంటే తల దించుకున్నాడు. పెళ్లిళ్లకు ఖర్చు పెట్టాము కదా హజ్రత్ అన్నాడు. పెళ్లి ఖర్చు వారసత్వం కాదని చెప్పాము. ఇంకేమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఈయన ఇక మన దగ్గరకు రాడులే అనుకున్నాము.

రెండు వారాల తర్వాత ఫోను చేశాడు. కారు ఊసు ఎత్తలేదు, లెక్క చెప్పమన్నాడు. వారసులు తల్లి, తాను, ఇద్దరు అక్కలు. అప్పులు, వసియ్యత్ ఏమీ లేవు. మొత్తాన్ని 32 భాగాలు చేస్తే తల్లికి 4, కొడుక్కి 14, ఒక్కో కూతురికి 7. అంటే 16 లక్షల్లో ఆయన వాటా 7 లక్షలు, అక్కలకు చెరి మూడున్నర లక్షలు. కాసేపు అవతలి నుండి చప్పుడు లేదు. తర్వాత, "అమ్మీకి కూడా ఇవ్వాలా హజ్రత్? అమ్మీ నా దగ్గరే ఉంటుంది కదా" అన్నాడు. ఇవ్వాలన్నాము, 2 లక్షలు.