అంతరాత్మ, క్రమశిక్షణ

1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు మెజారిటీతో నీలం సంజీవరెడ్డిని నిలబెట్టింది. ఆయన నామినేషనుపై సంతకం చేసిన ఇందిరాగాంధీయే, పోలింగు దగ్గరపడ్డాక, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వెయ్యమన్నారు. వామపక్షాలు కూడా బలపరచిన వి. వి. గిరి గెలిచారు. నవంబరులో పార్టీ చీలింది.

14 బ్యాంకుల జాతీయీకరణను హర్షించిన అభ్యుదయవాదులు ఈ గెలుపునూ హర్షించారు. ఫలితం మంచిదైతే మార్గాన్ని ప్రశ్నించనక్కరలేదా? నేనలా అనుకోను. అలాగని క్రమశిక్షణ పేరెత్తిన నిజలింగప్ప పక్షానికీ నైతికాధికారం లేదు. రెండవ ప్రాధాన్య ఓట్లకోసం జనసంఘం, స్వతంత్ర పార్టీలతో మంతనాలాడింది వారే గదా!

ఐక్యత అంటే మౌనం కాదు. అంతరాత్మ అంటే రహస్య బ్యాలట్టూ కాదు. భిన్నాభిప్రాయాన్ని సంతకానికి ముందే, కారణాలతో, బాహాటంగా చెప్పాలి. కమిటీలో ఓడాక మేలుకొనే అంతరాత్మను నేను నమ్మలేను. ఈ కొలత ముందుగా మన సంఘాలకే వర్తించాలి.